రెస్పెక్టెడ్ శౌరి లీవు లెటరు

లీవు లెటరు ఎలా రాయాలో గురజాల చుట్టుపక్కల పిల్లలందరికీ నేర్పిన బాలశౌరి, తన లీవు లెటరు దగ్గరికి వచ్చేసరికి మొదటి లైనులోనే ఇరుక్కుపోయాడు. ఆదివారం గుడి నుంచి వచ్చిన దగ్గర్నుంచి తెల్లకాగితం ముందు పెట్టుకుని పెన్ను మూత తీయడం, మళ్ళీ పెట్టడం. అన్నం చల్లారిపోయింది గానీ కాగితం మాత్రం నల్లబడలేదు.

బాలశౌరి మిషన్ స్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. పిల్లలకి వ్యాసం రాకపోయినా, పద్యం రాకపోయినా క్షమించేవాడు గానీ, లీవు లెటరు మీద 'రెస్పెక్టెడ్ సర్' లేకపోతే సున్నా వేసేవాడు. రెస్పెక్టెడ్ లేని లెటరంటే తల లేని మొండెమని ప్రతి క్లాసులోనూ చెప్పేవాడు. పిల్లలు అతనికి రెస్పెక్టెడ్ శౌరి అని పేరు పెట్టారు. ఆ చదువు ఎంతగా ఒంటబట్టిందంటే, అతని దగ్గర చదివిన కుర్రాడొకడు మాచర్లలో ఒకమ్మాయికి ప్రేమలేఖ రాస్తూ పైన 'రెస్పెక్టెడ్ మేడమ్' అనీ, కింద 'యువర్స్ ఒబీడియంట్లీ' అనీ పెట్టాడు. వాళ్ళ పెళ్ళయింది. ఆ ఇంట్లో ఇప్పటికీ అదే పద్ధతి నడుస్తోందని అందరూ చెప్పుకుంటారు.

మరి అంతటివాడికి ఏమొచ్చింది? జూన్‌లో ఆ స్కూలుకి కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చింది. పేరు రేచల్. నిన్నమొన్నటిదాకా అక్కడే లెక్కల టీచరు. బాలశౌరికి పెళ్ళాం.

సర్వీసులో బాలశౌరే పెద్ద. కానీ హెడ్మాస్టర్ కుర్చీ ఎక్కాలంటే డిపార్ట్‌మెంటల్ టెస్టు పాసవ్వాలి. ఆ టెస్టు ప్రతిసారీ మిరపకోతల్లోనో, బంధువుల పెళ్ళిళ్ళలోనో పడుతోందని అతను వాయిదా వేస్తూ వచ్చాడు. రేచల్ మాత్రం వంటింట్లో పుస్తకం తెరిచి పెట్టుకుని, పోపు వేస్తూ చదివి పాసైంది. కుర్చీ ఆవిడకి వచ్చింది.

ఇంటి దగ్గర్నుంచి స్కూలు గేటు దాకా ఇద్దరూ ఒకే బండి మీద వస్తారు. దారంతా ఆవిడ పెళ్ళామే. పాల ప్యాకెట్టు మర్చిపోయావనీ, చొక్కా గుండీ ఊడిందనీ వీపు వెనక నుంచి వినిపిస్తూనే ఉంటుంది. గేటు దగ్గర బండి దిగగానే హెడ్మిస్ట్రెస్ అయిపోయి లోపలికి వెళ్ళిపోతుంది. ఇతను బండి నీడన పెట్టి, తాళం వేసి, హెల్మెట్ తగిలించి వెళ్ళేసరికి హాజరు పట్టీలో అతని పేరు దగ్గర ఎర్రటి అడ్డగీత పడి ఉంటుంది. ఎక్కించుకొచ్చినవాడు లేటు, ఎక్కి వచ్చిన మనిషి టైముకి. ఈ లెక్క ఏ లెక్కల పుస్తకంలో ఉందో అతనికి అంతుపట్టలేదు.

ఆ కోపం మీదే జూన్ నెలలో స్టాఫ్ రూములో నోరు జారాడు. హిందీ మాస్టారు జహీర్ టీ తాగుతూ, ఇక మీరు కూడా రెస్పెక్టెడ్ మేడమ్ అని రాయాల్సిందే కదా అని నవ్వాడు. బాలశౌరి మీసం మెలేసి, సుద్దముక్క నమిలి మింగుతాను గానీ మా ఇంటామెకి రెస్పెక్టెడ్ మేడమ్ అని మాత్రం రాయనని అందరి ముందూ అనేశాడు. తెలుగు టీచరు రంగనాయకమ్మ ఆ మాట విని, తన బల్ల సొరుగులోంచి ఒక కొత్త సుద్దముక్క తీసి అల్మారా మీద నిలబెట్టింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

అప్పట్నుంచీ అతను ఒక్క లీవు కూడా పెట్టలేదు. జలుబొచ్చినా వచ్చాడు, నడుం పట్టేసినా వచ్చాడు. స్కూల్లో భార్యని పేరుతో పిలవలేక, మేడమ్ అనలేక, ఏదైనా చెప్పాల్సి వస్తే ఎదురుగా ఉన్న గోడ వైపు చూసి దగ్గేవాడు. దగ్గు వింటే ఆవిడ తలెత్తి, "చెప్పండి మాస్టారూ" అనేది. ఇంట్లో నువ్వనే మనిషి అక్కడ మీరు అంటుంటే బాలశౌరికి ఒళ్ళు మండేది.

ఇన్నాళ్ళూ ఎలాగో గడిచింది. ఇప్పుడు మాత్రం తప్పించుకునే దారి లేదు. శావల్యాపురంలో ఉన్న చెల్లెలు రాజమ్మ కూతురు లహరికి బుధవారం ప్రధానం. వాళ్ళ ఇళ్ళల్లో ప్రధానం ఉంగరం ఉన్న పళ్ళెం మేనమామ చేతుల్లోనే ఉండాలి. పైగా లహరి అతని దగ్గరే ఉండి పది దాకా చదివింది. మామయ్య పళ్ళెం పట్టుకుంటేనే ఉంగరం తొడిగించుకుంటానని ముందే చెప్పేసింది. ఎక్కడో బెంగళూరులో ఉన్న పెళ్ళికొడుకుకి బుధవారం సెలవు దొరికింది. ఇక్కడున్న మేనమామకే దొరకట్లేదు.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి పోవడానికి వీల్లేదు. హెడ్మిస్ట్రెస్సూ, సీనియర్ మాస్టారూ ఒకే రోజు లేకపోతే బడి ఎవరు చూస్తారని స్కూలు పెద్ద ఫాదర్ గారు మొదట్లోనే చెప్పారు. అందుకే రేచల్, నువ్వే పోయి రా, నేను పెళ్ళికి వస్తానని ఎప్పుడో ఒప్పుకుంది. లెటరొక్కటే మిగిలింది.

ఆదివారం సాయంత్రం బాలశౌరి పెన్ను పక్కన పడేసి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమే, బుధవారం నేను ఉండను. చెప్పలేదనేవు."

"యాడ ఉండవు? ఇంట్లోనా, బళ్ళోనా?"

"బళ్ళో."

"ఇంట్లో ఉండకపోతే ఇంట్లో చెప్పు. బళ్ళో ఉండకపోతే బళ్ళో రాసివ్వు."

"కట్టుకున్న పెళ్ళానికి లెటరు రాసే మొగుడు పల్నాడులో ఎవడన్నా ఉన్నాడా?"

"మాచర్లలో ఉన్నాడుగా, నీ శిష్యుడే" అంది రేచల్ వంకాయలు తరుగుతూ. తర్వాత కత్తి పక్కన పెట్టి, కాస్త నెమ్మదిగా చెప్పింది. "ఏమయ్యా, జూన్ నుంచి స్టాఫందరి కళ్ళూ నా చేతి మీదే ఉన్నయ్యి. మొగుడికి నోటిమాట మీద లీవిచ్చాననుకో, రేపు జహీర్ మాస్టారు నాకు కాగితం ఇస్తాడంటావా?"

ఆ మాటలో న్యాయం ఉందని బాలశౌరికి తెలుసు. కానీ న్యాయం ఒకటీ, అల్మారా మీద సుద్దముక్క ఒకటీ.

సోమవారం పొద్దున్న అతనికి ఒక ఉపాయం తట్టింది. పైన ఎవరి పేరూ, ఏ సంబోధనా లేకుండా, నేరుగా విషయంలోకి దిగిపోయి ఉత్తరం రాసేశాడు. 'మా మేనకోడలి ప్రధానం ఉన్నందున' అని మొదలై, సంతకంతో అయిపోయింది. హెడ్మిస్ట్రెస్ గదిలో అందరూ సంతకాలు పెడుతున్న హడావిడిలో హాజరు పట్టీ పక్కన దాన్ని జారవిడిచి, ఏమీ ఎరగనట్టు బయటికి నడిచాడు.

గుమ్మం దాటకముందే వెనక నుంచి పిలుపు వినిపించింది. "మాస్టారూ, ఈ కాగితం మీదేనా? ఎవరికి రాశారో తెలియటల్లేదు."

జహీర్ చేతిలో పెన్ను ఆగిపోయింది. రంగనాయకమ్మ కళ్ళజోడు సర్దుకుంది. బాలశౌరి గోడ వైపు చూసి దగ్గి, ఎవరికైతే ఇవ్వాలో వాళ్ళకే అన్నాడు. రేచల్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తల లేకుండా ఉంది మాస్టారూ. తల లేనిదానికి సున్నా వెయ్యాలని మీరే కదా చెప్తారు" అని వెనక్కి ఇచ్చేసింది.

ఆ పూట పాఠం చెప్పాడే గానీ మనసు పాఠంలో లేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా కూడా తెరవకుండా రెండో ఎత్తు వేశాడు. హెడ్మిస్ట్రెస్ మీద పెద్ద ఎవరు? ఫాదర్ గారు. ఫాదర్ గారికి రాస్తే మేడమ్‌తో పనేముంది? ఈసారి చెయ్యి జలపాతంలా దూకింది. 'రెస్పెక్టెడ్ అండ్ రెవరెండ్ ఫాదర్' అని మొదలుపెట్టి, కింద 'యువర్ మోస్ట్ ఒబీడియంట్ సర్వెంట్' దాకా తన దగ్గరున్న మర్యాదలన్నీ ఒలకబోశాడు.

ఫాదర్ గారు మెత్తటి మనిషి. బాలశౌరికి కాఫీ ఇచ్చి, లెటరు చదివి, చేతిరాత ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నారు. తానూ పోయిన వారమే బిషప్ గారికి లెటరు రాశానని, ఆ బిరుదులు రాసేసరికే ఒక లైను నిండిపోయిందని నవ్వారు. బాలశౌరికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు ఫాదర్ గారు కాగితం మడిచి అతని చేతిలోనే పెట్టారు. మేడమ్ గారి సంతకంతో తన దగ్గరికి రావాలనీ, మనమే పద్ధతి తప్పితే పిల్లలకి ఏం చెబుతామనీ అన్నారు. కాఫీ బాగుందని చెప్పి బాలశౌరి లేచాడు.

ఆ సాయంత్రం అతనికి జ్వరమొచ్చింది. అంటే, తెచ్చుకున్నాడు. జ్వరానికైతే లెటరు ముందుగా ఇవ్వక్కర్లేదు, తర్వాత చూసుకోవచ్చని అతని లెక్క. ఇంటికి రాగానే దుప్పటి ముసుగు పెట్టి మూలగడం మొదలుపెట్టాడు. రేచల్ నుదురు పట్టుకు చూసి, పాపం అని, జావ కాచి మంచం పక్కన పెట్టింది. తర్వాత వంటింట్లోకి పోయి నాటుకోడి కూర వండింది.

మసాలా వాసన దుప్పటిలోకి వచ్చింది. బాలశౌరి జావ వైపు చూశాడు. జావ అతని వైపు చూసింది.

"రేపటికి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోదాం" అంది రేచల్ ఎముక చప్పరిస్తూ. "జ్వరంతో శావల్యాపురం పోతే పెళ్ళికొడుకు వాళ్ళు ఏమనుకుంటారు? రాజమ్మకి ఫోన్ చేసి నువ్వు రావటల్లేదని చెప్పనా?"

జ్వరం తగ్గడానికి ఆ మాట చాలు. అతను లేచి కంచం తెచ్చుకున్నాడు. గిన్నెలో పులుసు మాత్రం మిగిలింది.

భోజనమయ్యాక రాజమ్మే ఫోన్ చేసింది. ఉంగరం వచ్చిందనీ, పళ్ళేనికి పూలు చుట్టించాననీ, పెళ్ళికొడుకు వాళ్ళు మేనమామ ఎవరని అడిగితే ఇంగ్లీషు మాస్టారని గొప్పగా చెప్పుకున్నాననీ ఒకటే సంబరం. వస్తన్నావుగా అన్నయ్యా అని మాటకోసారి అడిగింది. రాకుండా ఎట్టా ఉంటానే అన్నాడు బాలశౌరి. చెప్పేటప్పుడు గొంతు కొంచెం ఆరింది. నిజంగానే భయమేసింది.

మంగళవారం పొద్దున్న బండి మీద రేచల్ ఒక్క మాటే మాట్లాడింది. సాయంత్రం ఆఖరి బెల్లు లోపల కాగితం తన బల్ల మీద ఉండాలంది. ఫాదర్ గారు చీకటి పడక ముందే గుంటూరు బయల్దేరుతున్నారు, మళ్ళీ గురువారానికి గానీ రారు. ఆ తర్వాత పాల ప్యాకెట్టు గురించి కూడా అడగలేదు.

రాసెయ్యాలని అతను మధ్యాహ్నానికే నిర్ణయించుకున్నాడు. లహరి ముందు సుద్దముక్క ఎంత? కాకపోతే జహీర్ లేనప్పుడు రాయాలి, ఎవరూ చూడకుండా ఇవ్వాలి, రేచల్ దాన్ని సొరుగులో దాచెయ్యాలి. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆఖరి పీరియడు ఖాళీ ఉన్న జహీర్, తన కారంపూడి బస్సుకి ఇంకా టైముందంటూ మరమరాల పొట్లం విప్పుకుని ఎదురుగా కూర్చున్నాడు. మరమరాలు ఒక్కొక్కటే తింటున్నాడు. బాలశౌరి తెల్లకాగితం మీద మోచెయ్యి ఆనించి, గడియారం వైపూ పొట్లం వైపూ మార్చి మార్చి చూశాడు. అరచేతికి చెమట పట్టి కాగితం అంటుకుంది.

బెల్లుకి కాస్త ముందు రేచల్ స్టాఫ్ రూము గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఫోనుంది. మొహం హెడ్మిస్ట్రెస్ మొహంలా లేదు, పెళ్ళాం మొహంలానూ లేదు.

"మాస్టారూ, నాకేమన్నా ఇవ్వాలా?"

జహీర్ తినడం ఆపేశాడు. అల్మారా మీద సుద్దముక్క తెల్లగా నిలబడి ఉంది. ఇదిగో ఇప్పుడే రాస్తున్నానని ఒక్క మాట అంటే సరిపోయేది.

"ఏమీ లేదే" అన్నాడు బాలశౌరి.

ఆవిడ ఇంకా ఏమన్నా అంటాడేమోనని కాసేపు చూసి, తల ఊపి వెళ్ళిపోయింది.

బెల్లు మోగింది. జహీర్ పొట్లం మడిచి, చేతులు దులుపుకుని, ఎట్టకేలకు బస్సుకి పోయాడు. స్టాఫ్ రూము ఖాళీ అయ్యాక బాలశౌరి పెన్ను మూత తీశాడు. 'రెస్పెక్టెడ్ మేడమ్' అని రాశాడు. రాశాక చూసుకుంటే ప్రాణమేమీ పోలేదు. పైగా ఆ రెండు మాటలూ చాలా అందంగా కుదిరాయి. ఆ ఊపులో 'యువర్స్ ఒబీడియంట్లీ' కూడా పెట్టేసి, హెడ్మిస్ట్రెస్ గదిలోకి తొంగి చూశాడు. రేచల్ లేదు. ఇంకా మంచిదనుకుని, బల్ల మీద గాజుగుండు కింద లెటరు పెట్టి, ఈల వేసుకుంటూ బయటికొచ్చాడు. ఆటోలో ఇంటికెళ్తున్నానని ఆవిడ నుంచి ఫోన్లో మెసేజీ ఉంది.

ఇంటికెళ్ళేసరికి రేచల్ పట్టుచీర ఇస్త్రీ చేస్తోంది. బాలశౌరి చెప్పులు విప్పుతూనే, నీ పంతమే నెగ్గిందిలే, లెటరు నీ బల్ల మీద పెట్టానన్నాడు.

"ఎప్పుడు?"

"బెల్లయినాక."

రేచల్ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, బీరువా మీద నుంచి ఒక కవరు తెచ్చి అతని చేతికిచ్చింది. పైన బాలశౌరి పేరు, సీనియర్ మాస్టారన్న హోదాతో సహా గుండ్రంగా రాసి ఉంది. విప్పితే మొదటి లైనులో 'రెస్పెక్టెడ్ సర్' అని ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇంటామె చేతిరాతలో తనకి అంత మర్యాద ఎన్నడూ దక్కలేదు. బాలశౌరి ఛాతీ ఉబ్బింది. అలా ఉబ్బిన ఛాతీతోనే రెండో లైనులోకి దిగాడు.

బుధవారం తాను సెలవులో ఉంటున్నందున, బడి బాధ్యత తమరు స్వీకరించవలసిందిగా కోరుతున్నానని అందులో ఉంది. కింద ఫాదర్ గారి సంతకం కూడా ఉంది.

"ఏందే ఇది?"

"రాజమ్మ ఆఖరి పీరియడులో ఫోన్ చేసి ఏడ్చింది. రాత్రి ఫోన్లో అన్నయ్య గొంతు తేడాగా ఉంది, వస్తాడో రాడో, ఇంటి నుంచి ఎవరో ఒకళ్ళు పళ్ళెం పట్టకపోతే పరువు పోద్ది వదినా అంది. అప్పుడే నీ దగ్గరికొచ్చి అడిగా. ఏమీ లేదన్నావ్."

"జహీర్ ఉన్నాడే అక్కడ."

"నాకు తెలుసు" అంది రేచల్. "ఇంకా కాసేపు ఆగేదాన్నే. ఫాదర్ గారి కారు స్టార్ట్ చేసి ఉంది."

"మరి నా లెటరు?"

"బెల్లు దాటినాక బల్ల మీదకొచ్చే కాగితాలు రేపటి ఇన్‌ఛార్జి చూస్తాడు."

రేపటి ఇన్‌ఛార్జి మంచం మీద కూలబడ్డాడు. ఫాదర్ గారికి ఫోన్ చేస్తే అందలేదు. ఎవరి మీద కోప్పడాలో వెతికాడు గానీ ఆ ఇంట్లో తను తప్ప ఎవరూ దొరకలేదు. లహరిని చిన్నప్పుడు ఇదే మంచం మీద కూర్చోబెట్టి ఇంగ్లీషు అక్షరాలు దిద్దించాడు. ఆ సంగతి గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. రేచల్ అది చూసింది. పక్కన కూర్చుని, పళ్ళెం పట్టేటప్పుడు ఫోన్ చేస్తానంది.

బుధవారం బాలశౌరి బడికి అందరికంటే ముందొచ్చాడు. రిజిస్టరులో మొదటి సంతకం అతనిదే, ఎర్రగీత వేసేవాళ్ళు లేరు. హెడ్మాస్టర్ కుర్చీలో కూర్చున్నాడు. పిల్లలు గుడ్ మార్నింగ్ సర్ అన్నారు. ఆ కుర్చీలో ఎప్పటికైనా కూర్చోవాలని కోరుకున్నాడు గానీ, ఇలా మొహం వేలాడేసుకుని కాదు.

సంతకం పెట్టడానికొచ్చిన జహీర్ గాజుగుండు కింద కాగితం చూశాడు. బాలశౌరికి దాని సంగతి గుర్తొచ్చి చెయ్యి చాపేలోపు అది అతని చేతిలోకి వెళ్ళిపోయింది. రంగనాయకమ్మ కళ్ళజోడు పెట్టుకుని వెనక నుంచి తొంగి చూసింది.

"ఎవరిదో లీవు లెటరు సార్. చేతిరాత చానా బాగుంది" అని జహీర్ పైకి చదివాడు. "రెస్పెక్టెడ్ మేడమ్..."

జహీర్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాలశౌరికి కాస్త సుఖంగా ఉండేది. అతను కాగితాన్ని ఎంతో మర్యాదగా ఇన్‌ఛార్జి గారి ముందు పెట్టి, ఆర్డరు ఏమిటని అడిగాడు.

దాన్ని చింపితే ఊరంతా పాకుతుంది. మంజూరు చేస్తే బడికి తాళం పడుతుంది. బాలశౌరి ఎర్రపెన్ను తీసి, తన ముత్యాల్లాంటి చేతిరాత మీద అడ్డంగా 'నాట్ శాంక్షన్డ్' అని రాసి, కింద తనే సంతకం పెట్టాడు. రంగనాయకమ్మ స్టాఫ్ రూములోకి పోయి, అల్మారా మీద సుద్దముక్క తెచ్చి బల్ల మీద పెట్టింది.

మధ్యాహ్నం ఇద్దరూ మళ్ళీ సంతకాలకి వచ్చినప్పుడు ఫోన్ మోగింది. తెర నిండా లహరి. వెనక పట్టుచీరలో రేచల్, చేతుల్లో పూలు చుట్టిన పళ్ళెం. లహరి ఉంగరం వేలు తెరకి ఆనించి చూపించి, నువ్వు లేకపోతే తొడిగించుకోననే అన్నాను మామయ్యా, అత్తయ్య నీ బదులు నేనొచ్చానని చెప్పింది, అందుకే ఒప్పుకున్నానంది. బాలశౌరి బాగుందమ్మా అన్నాడు.

ఫోన్ రేచల్ చేతిలోకి మారింది. "బడి ఎట్టా ఉంది మాస్టారూ?"

బాలశౌరి తనకి తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దగ్గలేదు, గోడ వైపూ చూడలేదు.

"అంతా బానే ఉంది మేడమ్."

గుమ్మంలో జహీర్, రంగనాయకమ్మ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అవతల రేచల్ నవ్వు ఆపుకుంటూ, పెళ్ళి ముహూర్తం పెట్టారనీ, ఫిబ్రవరిలో మొదటి బుధవారమనీ చెప్పింది. ఆ రోజు మాత్రం మేనమామ ఉండాల్సిందేనంది.

ఫోన్ ఇంకా మోచేతి దగ్గర మాట్లాడుతూనే ఉంది. బాలశౌరి బల్ల సొరుగు లాగి ఒక తెల్లకాగితం తీశాడు. సుద్దముక్కని పక్కకి జరిపి, జహీర్ చూస్తుండగానే మొదటి లైను రాసేశాడు.